రెండు పళ్ల కుక్క

శేరిగూడ దారిలో టీ బంకుల దగ్గర ఇప్పటికీ చెప్పుకునే కథ ఒకటుంది. జంగయ్య అనే ముసలాయన ఎడ్లు పోయాక బొచ్చు కుక్కను పెంచాడనీ, దానికి పళ్లు తోముతానని కూర్చుని, ఎద్దు మూతి పట్టినట్టు పట్టి దవడ విరగ్గొట్టాడనీ. చెప్పేవాళ్లు రెండు చేతులతో ఆ పట్టు పట్టి మరీ చూపిస్తారు. వినేవాళ్లు నవ్వుతారు. ఈ కథ నేను బస్సులో విన్నాను. ఒక పెళ్లి భోజనాల దగ్గర విన్నాను. ఆ పెళ్లిలోనే, మా పశుసంవర్ధక శాఖలో పనిచేసిన ఒక పెద్దమనిషి నా ఎదురుగా కూర్చుని, నాకు తెలియదనుకుని నాకే చెప్పాడు. ఆయనతో అక్కడే తగువు పెట్టుకున్నాను, విస్తరి ముందు నుంచి లేచి మరీ.

ఆ కథ తప్పు. జంగయ్య పట్టిన పట్టు నేను నేర్పిన పట్టు. ఆయన తోముతుండగా పక్కన నిలబడి చూశాను. దిద్దాల్సింది ఒక్కటీ కనబడలేదు. అసలు తప్పు ఎక్కడ జరిగిందో తెలిసినవాళ్లం అప్పట్లో మా దగ్గర ముగ్గురమే ఉన్నాం. ఒకరు పోయారు. ఒకరు నోరు విప్పరు. మిగిలింది నేను.

స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకోవడానికి మూడేళ్ల ముందు, ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఉన్న ఒక ప్రభుత్వ పశువైద్యశాలకు నన్ను బదిలీ చేశారు. ఏ ఊరిదో రాయను. ఇప్పుడు అక్కడ పనిచేస్తున్నవాళ్లకు దీనితో సంబంధం లేదు. అప్పటికి నా హోదా జూనియర్ వెటర్నరీ ఆఫీసర్. పేరు చూసి డాక్టరనుకోవద్దు. డిగ్రీ చదివి, పశువైద్యంలో శిక్షణ పూర్తి చేసి, లైవ్‌స్టాక్ అసిస్టెంట్‌గా చేరి, పదోన్నతి మీద అక్కడి దాకా వచ్చినదాన్ని. జబ్బు ఏమిటో తేల్చి మందు రాసేది వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్, అంటే డాక్టరు గారు. ఆయన రాసిన సూది వేయడం, పుండుకు కట్టు కట్టడం, టీకాలకు ఊళ్లు తిరగడం, రిజిస్టర్లు రాయడం మా వంతు. జనం ఇద్దర్నీ డాక్టరనే పిలుస్తారు. మొదట్లో కాదని చెప్పేదాన్ని, తరవాత విసుగొచ్చి మానేశాను.

బయటి రోగుల రిజిస్టర్‌ను మేం ఓపీ అంటాం. అందులో యజమాని పేరు, ఊరు, పశువు రకం, ఆడా మగా, వయసు, ఏం బాధ, ఏం చికిత్స అని వరసగా గళ్లుంటాయి. చికిత్స గడి డాక్టరు గారిది, మిగిలినవన్నీ నావి. ఆయన బల్ల దగ్గరికి పశువు కంటే ముందు నా రాత చేరుతుంది. రద్దీ రోజుల్లో ఆయన పశువును సగం చూస్తే, నా రాతను పూర్తిగా చూస్తారు. ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదు, అక్కడ పని నడిచే తీరు అది.

జంగయ్య మా దవాఖానకు కుక్కను తెచ్చేనాటికి ఆయనతో నాకు ఏడాది పరిచయం. యాచారం వైపు ఆయనకు పొలం ఉండేది. అది భూసేకరణలో పోయింది. కుటుంబం ఇటు వచ్చి శేరిగూడ దగ్గర అద్దెకు దిగింది. కొడుకు కాలేజీ బస్సు నడుపుతాడు. కోడలు సునీత ఒక హాస్టల్లో వంట చేస్తుంది. ఎడ్లను కట్టేసే చోటు లేక రెండింటినీ అమ్మేశారు. అప్పట్నుంచి జంగయ్య పొద్దున్నే నడుచుకుంటూ వచ్చి మా దవాఖాన వరండాలో కూర్చునేవాడు. పనేమీ ఉండి కాదు, ఎవరెవరి పశువులో వస్తాయి, చూద్దామని.

ఆయన చూపు మామూలుది కాదు. పశువు వయసు పళ్లను బట్టి చెబుతారు. పశువుకు పై దవడలో ముందు పళ్లు ఉండవు, కింద మాత్రమే ఉంటాయి. రెండేళ్లు దాటాక పాలపళ్లు జతగా ఊడి, మధ్యలో రెండు పెద్ద పళ్లు వస్తాయి. దాన్ని రెండు పళ్లది అంటారు. ఆ తరవాత నాలుగు, ఆరు, చివరికి ఎనిమిది. పెద్ద పళ్లు ఎన్ని ఎక్కువుంటే అంత ఎక్కువ వయసు. పాడి పశువుకు బీమా చేయాలంటే పళ్లు చూసి వయసు రాసి, చెవికి బిళ్ల వేయాలి. నేను మూతి తెరవడానికి ముందే జంగయ్య వరండాలోంచి అరిచేవాడు. "ఆరు పండ్లది బిడ్డా, పరేషాన్ గాకు." తెరిచి చూస్తే ఆరే. కొంతకాలానికి తెరవడం మానేశాను. ఆయన అరిచింది రాసేదాన్ని. ఒక్కసారి కూడా తేడా రాలేదు. తేడా వచ్చి ఉంటే బాగుండేదేమో.

పశువులు అమ్మే అంగట్లో కూడా ఆయన మాటకు విలువ ఉండేది. ఎడ్లు కొనేవాళ్లు ఆయన్ను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు. పొలం లేదు, ఎడ్లు లేవు. ఆ పిలుపు మాత్రం మిగిలింది.

ఇక కుక్క సంగతి. సునీత వంట చేసే హాస్టల్ పక్క గదుల్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలు పామేరియన్ కుక్కను పెంచారు. చదువు అయిపోయింది, గది ఖాళీ చేశారు, కుక్కను మెట్ల మీద వదిలేసి పోయారు. ఆ చుట్టుపక్కల ఏటా పరీక్షలయ్యాక ఇలాంటివి నాలుగైదు కనిపిస్తాయి. ఆ పిల్లలు కూడా దాన్ని అంతకుముందు గదిలో ఉండి వెళ్లినవాళ్ల దగ్గర తీసుకున్నారట. ఇది తరవాత తెలిసింది. సునీత జాలిపడి తెచ్చి మామ చేతికిచ్చింది. చింటు అని పిలుచుకున్నారు.

వానలు మొదలై గాలికుంటు టీకాలు నడుస్తున్న రోజులవి. గాలికుంటు అంటే పశువుల నోట్లో, గిట్టల దగ్గర పుండ్లు పడే జబ్బు. పొద్దున ఆరుకల్లా ఏదో ఒక ఊళ్లో ఉండాలి, పదిన్నరకు దవాఖానలో ఉండాలి. అలాంటి ఒక రోజు బయట పశువులు బారులు తీరి ఉండగా సునీత, జంగయ్య కుక్కతో వచ్చారు.

"మేడమ్, దీని నోరు వాసన జూడుర్రి," అంది సునీత, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని. "పొద్దంత హాస్టల్ల వండి ఇంటికొస్తె గీ కంపు. ఉన్నది ఒక్క అర్ర. వాసన వోతె ఉంటది, లేకుంటె హయత్‌నగర్ రోడ్డు మీద ఇడిసిపెట్టొస్త. మామకు చెప్పిన ఆల్రెడీ."

"నీ ఎండుచాపల కూరకు రాదా వాసన? మేమేమన్న అంటున్నమా?" అన్నాడు జంగయ్య.

"ఆ కూర తింటవ్ గద మామా. దీన్ని గూడ తింటవా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. జంగయ్య నవ్వలేదు. కోడలు అన్నంత పని చేస్తుందని ఆయనకు తెలుసు. వాసన పోకపోతే కుక్క పోతుంది. ఆయన వచ్చింది ఆ ఒక్క పని మీదే.

వయసెంత అని అడిగాను. "ఏమెరుక మేడమ్, పోరగాండ్లు ఇడిసిపెట్టి పోయిండ్రు," అంది సునీత. నేను మూతి మీద చెయ్యి వేయబోతే కుక్క పళ్లు చూపించి గుర్రుమంది. జంగయ్య దాన్ని ఒడిలోకి లాక్కుని, బొటనవేలితో కింది పెదవి ఒక్కసారి కిందికి లాగి వదిలాడు. పశువుకు చూసినట్టే, కింది పెదవి మాత్రమే.

"రాసుకో బిడ్డా. రెండు పండ్లది. పక్కన పాలపండ్లు రాలినయ్, ఇగ జోడు జోడు వస్తయ్. పడుచుది."

నేను నవ్వి, వయసు గడిలో రెండేళ్లు అని రాశాను.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి, లేకపోతే చదివేవాళ్లకు నా తప్పు ఎంత పెద్దదో తెలియదు. కుక్కపిల్లకు ఏడు నెలలు వచ్చేసరికి పాలపళ్లన్నీ పోయి నలభై రెండు పళ్లూ వచ్చేస్తాయి. ఎదిగిన కుక్క కింది దవడ ముందు భాగంలో రెండే పళ్లున్నాయంటే, మిగిలినవి రావాల్సి ఉండి కాదు, ఊడిపోయి. చిన్నజాతి కుక్కల్లో ఇది మరీ ఎక్కువ. ఇంత చిన్న దవడలో అన్ని పళ్లు ఇరుక్కుని ఉంటాయి, సందుల్లో తిండి నిలుస్తుంది, గార కడుతుంది, చిగురు కింద చీము పట్టి పళ్లను పట్టి ఉంచే ఎముకను తినేస్తుంది. ఇది నాకు శిక్షణలో చెప్పారు. పరీక్షలో రాశాను. మార్కులు కూడా వేశారు. ఆ రోజు బల్ల దగ్గర నా బుర్రలో ఇదేదీ లేదు. జంగయ్య చెప్పాడు, జంగయ్య మాట ఎప్పుడూ తప్పు కాలేదు, బయట పశువులు నిలబడి ఉన్నాయి. అంతే.

డాక్టరు గారు రిజిస్టర్ చూశారు. పామేరియన్, మగ, రెండేళ్లు, నోటి దుర్వాసన. తలెత్తకుండానే, నోరు చూశారా అని నన్ను అడిగారు. చూశాం సార్ అన్నాను. పురుగుల మాత్ర రాసి, రోజూ పళ్లు తోమమని రాసి, ఎలా తోమాలో చూపించమని నాకు పురమాయించారు. పడుచు కుక్క నోరు వాసన వస్తే అది సరైన సలహాయే. ముసలి కుక్కకైతే ముందు మత్తు ఇచ్చి గార తీయాలి, కదిలే పళ్లు పీకాలి, పుండు మానాలి, ఆ తరవాతే బ్రష్ మాట. తోమడం శుభ్రమైన నోటిని శుభ్రంగా ఉంచడానికి, కుళ్లిన నోటిని బాగుచేయడానికి కాదు.

నేను చూపించాను. కుక్క దగ్గరికి రానివ్వలేదు గనక నా ఎడమ పిడికిలిని దాని మూతి అనుకోమని, కుడి చూపుడు వేలికి మెత్తటి గుడ్డ చుట్టి చూపించాను. నోరు తెరవొద్దు. మూతి మూసే ఉండాలి, పెదవి మాత్రం పక్కకు లేపాలి. బయటివైపు చాలు, లోపలివైపు నాలుక చూసుకుంటుంది. చిగురూ పన్నూ కలిసే చోట సున్నాలు చుట్టినట్టు తిప్పాలి, రుద్దొద్దు. మనుషుల పేస్టు వాడొద్దు, కుక్క ఉమ్మేయదు గనక అంతా కడుపులోకే పోతుంది. మొదటి నాలుగు రోజులు వేలు పెట్టి తీయడమే, అలవాటు కోసం. జంగయ్య ప్రతి మాటా తిరిగి నాకే అప్పజెప్పాడు. నేను నేర్పినవాళ్లలో అంత శ్రద్ధగా నేర్చుకున్న మనిషి ఇంకొకరు లేరు.

మూడు వారాల తరవాత అనుకుంటాను, వాళ్ల వీధిలో ఒక బర్రెకు టీకా వేయడానికి వెళ్లాను. జంగయ్య గడప మీద కూర్చుని ఉన్నాడు. మోకాళ్ల మధ్య చింటు. మూతి మూసే ఉంది. వేలికి తెల్లగుడ్డ చుట్టి ఉంది. మెల్లగా, తొందర లేకుండా, నేను చెప్పిందాని కంటే మెత్తగా తిప్పుతున్నాడు. నన్ను చూసి గుర్రుమన్న ఆ కుక్క ఆయన చేతిలో కళ్లు మూసుకుని ఉంది.

లోపల్నుంచి సునీత అంది: "జూడుర్రి మేడమ్. నా పిల్ల నోట్ల ఒక్కనాడు వేలు వెట్టిండా గీ మనిషి? కుక్కకైతె పూజ జేసినట్టె."

"నీ పిల్ల కరుస్తది," అన్నాడు జంగయ్య.

వాసన తగ్గిందా అని అడిగాను. జర తగ్గింది మేడమ్ అంది సునీత, అంత నమ్మకంగా అనలేదు. గుడ్డ వంక చూశాను. ఎర్రగా ఉంది, లేత ఎరుపు కాదు. జంగయ్య నా చూపు గమనించాడు. "పండ్లొచ్చేటప్పుడు చిగుర్లు పగులుతయ్ గద బిడ్డా," అన్నాడు. మొదట్లో నెత్తురు వస్తుంది, ఆగిపోతుంది అన్నాను. అది కూడా పుస్తకంలో ఉన్న మాటే, వాపున్న చిగుళ్లకు. మూడు వారాలైనా ఆగకపోతే మళ్లీ చూడాలని కూడా ఆ పుస్తకంలోనే ఉంది. నా చేతిలో టీకా మందు ఉన్న ఐసు డబ్బా ఉంది, ఇంకో వీధి మిగిలి ఉంది. వెళ్లిపోయాను.

ఇది రెండో తప్పు. మొదటిదానికి రద్దీ అని చెప్పుకోవచ్చు. దీనికి అదీ లేదు. ఒక్క నిమిషం పట్టే పని.

తరవాత పది రోజులకు, మామూలు పొద్దుటి పూట, పెదవి లేపుతుండగా చిన్న చప్పుడైందట. కుక్క ఒక్క అరుపు అరిచి ఊరుకుంది. కింది దవడ ఒక పక్కకు వేలాడింది. ఆటోలో తెచ్చారు. జంగయ్య దాన్ని తువ్వాలులో పట్టుకుని ఉన్నాడు. సునీత ఆగకుండా మాట్లాడింది: "మెల్లగనె వట్టిండు మేడమ్, నేను లోపల్నించి జూసిన. గట్టిగ వట్టలె. ఒట్టు."

డాక్టరు గారు మొదటిసారి ఆ నోరు తెరిచి చూశారు. నేనూ అప్పుడే చూశాను. వెనక పళ్ల మీద గార గోధుమరంగు పెంకులా ఉంది. కింద ఆ రెండు పళ్లు కూడా కదులుతున్నాయి. ఆయన నా వంక చూశారు. నేను రిజిస్టర్ వంక చూశాను. అది పడుచు కుక్క కాదని ఇద్దరికీ అర్థమైంది.

పట్నంలోని పెద్ద పశువుల దవాఖానకు పంపాలంటే చీటీ రాయాలి. అందులో కారణం అని ఒక వరస ఉంటుంది. ఇంటి దగ్గర పళ్లు తోమేటప్పుడు యజమాని బలంగా పట్టుకోవడం వల్ల అని ఆయన రాశారు. అటెండరు ఆ చీటీకి ముద్ర వేస్తూ పైకి చదివాడు. వరండాలో కూర్చున్నవాళ్లు విన్నారు. టీ బంకు కథ పుట్టింది అక్కడే, ఆ నిమిషానే. అందుకే ఎక్కడ ఎవరు చెప్పినా ఒప్పుకోను అంటున్నాను.

నేను చీటీ పట్టుకుని వాళ్లతో పాటు పట్నం వెళ్లాను. నా డ్యూటీ కాదు, వెళ్లాను. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి, మామాకోడళ్లను బయట కూర్చోబెట్టి, వెలుతురుకు పెట్టి నాకు చూపించింది. విరిగిన చోట ఎముక ఉండాల్సినంత లేదు, అటూ ఇటూ చీరపోగంత మిగిలింది. తల గోక్కున్నా విరిగి ఉండేదన్నది ఆమె మాట. తీగ వేసి కట్టాలంటే తీగను పట్టుకునే ఎముక కావాలి కదా. పదేళ్లు దాటిన కుక్కకు రెండేళ్లని ఎవరు రాశారని అడిగింది. నేనే అన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు. ఏదైనా అని ఉంటే ఎదురు చెప్పడం నాకు అలవాటే. అనకపోతే ఏం చేయాలో తెలియలేదు.

మూతికి మెత్తటి పట్టీ వేసి, పక్కనుంచి జావ పోయమని పంపారు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో జంగయ్య ఒక్కమాటే అడిగాడు: "నా చెయ్యేనా బిడ్డా?" సునీత పక్కనే ఉంది. తరవాత మాట్లాడుకుందాం బాపూ అన్నాను. తొమ్మిదో రోజున కుక్క చనిపోయింది.

ఈ తొమ్మిది రోజుల్లో నేను డాక్టరు గారితో గొడవపడ్డాను. చీటీ నకలు మన దగ్గరుంది, కారణం మార్చి రాయండి, ముందే ఎముక అరిగిపోయి ఉందని ఎక్స్‌రే చెబుతోంది అన్నాను. ఆయన చాలా మర్యాదగా, అలా మారిస్తే ముందే ఎందుకు చూడలేదని అడుగుతారని అన్నారు. అడిగితే నేను చెబుతాను, వయసు రాసింది నేను అన్నాను. సలహా రాసింది నేను కదమ్మా అన్నారు. అదీ నిజమే. కుక్క చావు గురించి మమ్మల్ని ఎవరూ అడగరని ఇద్దరికీ తెలుసు. చివరికి చీటీ మారలేదు. ఆయన చెడ్డవాడు కాదు. గొడ్డు ఈనలేక అవస్థ పడుతుంటే వానలో నాలుగు కిలోమీటర్లు నడిచి వెళ్లిన మనిషి. ఆ ఒక్క వరస మాత్రం మార్చలేదు.

కుక్కను పూడ్చిన మర్నాడు నేను జంగయ్య ఇంటికి వెళ్లాను. అప్పటికే వీధిలో పిల్లలు చేతులతో ఆ పట్టు పట్టి నవ్వడం మొదలైంది. ఆయన తలుపు దగ్గర కూర్చుని ఉన్నాడు. సునీత హాస్టల్‌కు పోయింది. నేను చెప్పాల్సింది దారంతా అనుకుంటూ వెళ్లాను, అయినా మొరటుగానే చెప్పాను.

"బాపూ, నీ చెయ్యి తప్పు కాదు. లోపల ఎముక ఎప్పుడో కరిగిపోయింది. ఎవరు ముట్టుకున్నా విరిగేదే. అది ముసలి కుక్క."

"ముసలిదా?"

"పదేండ్లు దాటిందట."

"రెండు పండ్లది బిడ్డా."

"ఊడంగ మిగిలిన రెండు బాపూ. కుక్కలకు వేరే లెక్క. నాకు తెలుసు ఆ లెక్క. నేను చూడలే. నా తప్పు."

నేను ఆయన మీది బరువు దించుతున్నాననుకున్నాను. నా మూర్ఖత్వం.

"నీ తప్పు గాదు తియ్యి," అన్నాడు. "ఒక్క మాట ఇంటవా? గీ ముచ్చట ఎవ్వలకు జెప్పకు. చెయ్యి బరువైంది అన్కో. ముసలోని చెయ్యి బరువైతది, ఎవడేమంటడు? నాల్గు దినాలు నవ్వుతరు. కన్ను వోయిందంటె అంగట్ల నన్నెవడు వట్టుకపోతడు?"

నేను వాదించాను. వాదించడం నాకు తిండితో సమానం. చేసిన తప్పు చెప్పుకోకపోతే చేయని తప్పు మోయాలి, అది అన్యాయం అన్నాను. కుక్క పళ్లు తెలియకపోతే ఎద్దు పళ్లు తెలియనట్టు కాదు అన్నాను. ఆయన విని, "గది నీకెరుక. అంగట్లోనికి ఎరుకనా?" అన్నాడు. సరే అన్నాను. ఆయన బతికి ఉన్నంతకాలం ఎవరికీ చెప్పలేదు. పెళ్లి భోజనాల దగ్గర తగువు పెట్టుకున్నప్పుడు కూడా, చెయ్యి బరువు కాదని మాత్రమే అరిచాను. మరి ఎందుకు విరిగిందమ్మా అని అడిగితే నోరు మూసుకుని ఇంటికొచ్చాను.

ఆయన అడిగింది నేను చేశాను. కానీ దానివల్ల ఆయనకు ఒరిగిందేమీ లేదు. ఆ తరవాత రెండు మూడు సార్లు ఎడ్లు కొనేవాళ్లు వచ్చి పిలిచారు. కాళ్ల నొప్పులని చెప్పాడు. మా వరండాకు రావడం కూడా మానేశాడు. బీమా పశువుల మూతులు మళ్లీ నేనే తెరిచి చూసుకున్నాను. పిలవడం కూడా మెల్లగా ఆగిపోయింది.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఒకటే, అది ఉద్యోగానికి సంబంధించింది. వయసు గడిలో చూసింది రాయాలి, విన్నది రాయకూడదు. చూడలేకపోతే చూడలేదని రాయాలి. ఏమీ తెలియదన్న మనిషి వస్తే మనమే నోరు తెరిచి చూస్తాం; తెలిసిన మనిషి చెప్పినప్పుడే మన చెయ్యి ఆగిపోతుంది. మిగిలిన సర్వీసులో నా రిజిస్టర్లో "నోరు చూడనివ్వలేదు" అన్న మాట చాలాచోట్ల కనిపిస్తుంది. కొత్తగా వచ్చిన డాక్టరు గారికి అది నచ్చేది కాదు. గళ్లు నింపడం లేదని పైకి రాశారు కూడా. రాసుకోనీ. చిన్న కుక్కలను తెచ్చినవాళ్లకు నేను బ్రష్ సంగతి ఎత్తడానికి ముందు డాక్టరు చేత నోరు చూపించుకోమని చెప్పేదాన్ని. చూపించుకోని వాళ్లకు నేర్పలేదు. తిట్టుకుంటూ పోయినవాళ్లున్నారు.

కథ ఇక్కడితో అయిపోవాలి. అయిపోయిందనే అనుకున్నాను. పోయిన ఏడాది జంగయ్య పోయాడు. పదకొండో రోజున వెళ్లాను. భోజనాలయ్యాక సునీత నన్ను పక్కకు కూర్చోబెట్టుకుంది. మామ లేడు గనక, నేను దాచినదంతా ఆమెకు చెప్పాను. కుక్క వయసు, నా రాత, ఆయన అడిగిన మాట, అన్నీ. ఇది రాస్తాను, ఒప్పుకుంటావా అని అడిగాను.

"రాయి మేడమ్. ఉన్నది రాయి," అంది. కాసేపాగి, "ముసలి కుక్కని మామకు మీరు జెప్పినంకనె ఎర్కైందంటరా? నాకట్ల అనిపియ్యదు," అంది.

ఎందుకని అడిగాను.

"మొదట్ల రోజు జెప్తుండె. పండ్లొస్తయ్, జోడు జోడు వస్తయ్ అని. నేను నవ్వుతుంటి. ఒకనాటి సంది ఆ మాట బంద్ జేసిండు. అన్నం మెత్తగ వండుమన్నడు దానికి. కారం లేకుంట పిసికి, వేలితోని వెట్టేటోడు. ఎందుకు మామా అంటె, ఊకె, అన్నడు. తోమేటప్పుడు గూడ నన్ను దగ్గరికి రానియ్యకపోతుండె, గుడ్డ ఆయనే పిండుకుంటుండె. మీరొచ్చినంక నాల్గైదు దినాలకనుకుంట."

పశువు మూతిలో కింది పెదవి మాత్రమే చూసే మనిషి, ఆ కుక్క నోట్లో పైనా కిందా, ముందూ వెనకా, రోజూ చూశాడు. నలభై ఏళ్లు పళ్లు చూసిన కళ్లు. వచ్చే పళ్లేవో పోయే పళ్లేవో ఆ కళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నేను గడప దగ్గర నిలబడి, నెత్తురు ఆగిపోతుందని చెప్పి పోయిన తరవాత ఏదో ఒక రోజున ఆయనకు తెలిసి ఉంటుంది. తెలిశాక దవాఖానకు రాలేదు. రోజూ తోముతూనే ఉన్నాడు.

కుక్క ముసలిదని, వాసన పోదని బయటపడితే సునీత దాన్ని రోడ్డు మీద వదిలేస్తుందని దాచాడా, లేక తన కన్ను తప్పు చూసిందని నా ముందు ఒప్పుకోలేక దాచాడా?